రోజూ రేడియోలో తిడితే పక్కింటివాళ్లని చంపేస్తారా? తొమ్మిదో తరగతి పిల్లాడి ప్రశ్న

ఒంగోలు సోషల్ టీచర్:

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇప్పుడు తొమ్మిదో తరగతికి నాజీల పాఠం నడుస్తోంది. వెర్సాయ్ ఒప్పందం, హిట్లర్ గద్దెనెక్కడం, గోబెల్స్ ప్రచార శాఖ, 60 లక్షల మంది యూదుల హత్య, అన్నీ వరసగా బోర్డు మీద రాశాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "టీచర్, రోజూ రేడియోలో తిడితే పక్కింటోళ్లని చంపేస్తారా? మా ఊళ్లో మైకులో రోజూ ఎవరో ఒకరు ఎవరినో తిడుతూనే ఉంటారు, ఎవరూ ఎవర్నీ చంపట్లేదు కదా" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. "ద్వేషం నూరిపోశారు, జనం నమ్మారు" అని పుస్తకంలో ఉన్న ముక్కే మళ్లీ చెప్పి కూర్చోబెట్టాను. వాడి మొహం చూస్తే సమాధానపడలేదని తెలుస్తూనే ఉంది.

మన పేపర్లు తిరగేస్తే వారానికోసారైనా ఒక పార్టీవాళ్లు ఇంకో పార్టీవాళ్లది "గోబెల్స్ ప్రచారం" అంటూనే ఉంటారు. దాంతో పిల్లలకి గోబెల్స్ అంటే బాగా అబద్ధాలాడేవాడు, అంతే. ఆ అబద్ధాలకీ అన్ని లక్షల చావులకీ మధ్యలో ఏం జరిగిందో, ఎలా జరిగిందో పద్నాలుగేళ్ల పిల్లలకి అర్థమయ్యేలా చెప్పగలిగినవాళ్లుంటే కాస్త సాయం చేయండి.

పెగ్నిట్స్ ఒడ్డు:

టీచర్ గారూ, నమస్తే. మాది నరసరావుపేట, ఉద్యోగం జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో. ఇక్కడికి బంధువులు ఎవరొచ్చినా కోట అయిపోయాక చూపించడానికి మిగిలేవి నాజీల కట్టడాలూ, వాళ్లని విచారించిన కోర్టు హాలూను. తిప్పి తిప్పి సగం గైడునైపోయాను. జవాబు పొడుగ్గా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

మీవాడి అనుమానం సబబైనదే. తిట్లు విన్నంత మాత్రాన ఎవరూ పక్కింటివాణ్ణి చంపరు. 1933 ఏప్రిల్ 1న యూదుల దుకాణాల్లో ఏమీ కొనొద్దని నాజీలు దేశమంతా పిలుపిచ్చారు. కొట్ల ముందు యూనిఫాం వేసిన కుర్రాళ్లని కాపలా పెట్టారు. అయినా చాలామంది వాళ్లని తప్పించుకుని లోపలికెళ్లి కావలసింది కొనుక్కున్నారు. ఒక్క రోజుతో ఆ కార్యక్రమం ముగించేశారు. అప్పటికి పదేళ్లకు పైగా తిడుతున్నా, అలవాటైన కొట్టుకి వెళ్లకుండా జనాన్ని ఆపలేకపోయారన్నమాట. అలాంటిది ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆ కొట్టు యజమానినే పెళ్లాంబిడ్డలతో సహా రైలెక్కించి పంపేస్తుంటే, అడ్డుపడ్డవాళ్లు దాదాపు లేరు. మీరు పిల్లలకి చెప్పాల్సింది ఈ ఎనిమిదేళ్ల కథే.

ఈ ఊరి పత్రికతో మొదలుపెడతాను. 1923లో యూలియస్ ష్ట్రైషర్ అనే బడిపంతులు (మీ వృత్తివాడే, క్షమించాలి) ఇక్కడ 'డెర్ ష్టుర్మర్' అనే వారపత్రిక పెట్టాడు. మొదటి పేజీ అడుగున ఎప్పుడూ ఒకటే వాక్యం: "యూదులే మన దౌర్భాగ్యం". అది ష్ట్రైషర్ బుర్రలో పుట్టింది కూడా కాదు, 1879లో ట్రైచ్కె అనే పేరుమోసిన చరిత్ర ప్రొఫెసర్ రాసిన మాట. 1930ల మధ్యకి పత్రిక అమ్మకాలు దాదాపు 5 లక్షల కాపీలకి చేరాయి. కొననివాళ్లు కూడా చదవాలని బస్టాపుల్లో, కూడళ్లలో అద్దాల పెట్టెలు నిలబెట్టి వాటిలో పేజీలు అంటించేవాళ్లు.

కార్టూన్ల గురించి అందరూ చెబుతారు. నాకు భయం వేసేది మాత్రం పాఠకుల ఉత్తరాలు చూస్తే. ఫలానా వీధిలో ఉండే ఫలానా ఆఫీసరు గారి భార్య ఇంకా యూదుడి కొట్లోనే బట్టలు కొంటోందని, ఫలానా ఆయన యూదు డాక్టరు దగ్గరికే వెళ్తున్నాడని, పేర్లతో సహా అచ్చేసేవాళ్లు. మైకులో తిట్లు వినడం వేరు, మన పేరు బస్టాపు పెట్టెలో కనబడటం వేరు కదండీ. ఆ ఆఫీసరు భార్యకి యూదులంటే కోపం ఉండక్కర్లేదు. మర్నాటి నుంచి ఇంకో కొట్టుకి వెళ్తుంది, ఆ పాత కొట్టాయన ఎదురైతే తల పక్కకి తిప్పుకుంటుంది. ప్రచారం ఆవిడ దగ్గర్నుంచి అంతకుమించి ఏమీ ఆశించలేదు. ద్వేషించడానికి కొన్ని వేలమంది ఉంటే చాలు, మిగతా కోట్లమంది "మనకెందుకొచ్చిన గొడవ" అనుకుంటే పని జరిగిపోతుంది.

ఆ తర్వాతి పని చట్టం చేసింది. 1933 ఏప్రిల్ 7న యూదుల్ని ప్రభుత్వ ఉద్యోగాల్లోంచి తీసేసే చట్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఇంకో చట్టం చేసి పత్రికల్లోంచి కూడా తొలగించారు. ఒక్కసారి మీ స్టాఫ్‌రూంలో ఊహించుకోండి. ఒకరిని తీసేస్తే ఆ పోస్టులో ఇంకొకరు చేరతారు. అలా చేరినాయన "పాపం, ఆయన్ని అన్యాయంగా తీసేశారు" అని ఎన్నాళ్లు అనుకోగలడు? "ఏదో ఉండే ఉంటుందిలే, ఊరికే తీసేస్తారా" అనుకుంటేనే ఆయనకి నిద్ర పడుతుంది. సరిగ్గా ఆ సాకునే పత్రిక, రేడియో రోజూ తెచ్చి చేతిలో పెట్టేవి. లాభపడ్డవాడికి అబద్ధం అవసరం. దుకాణాలు, ఇళ్లు, ఫ్యాక్టరీలు కారుచౌకగా చేతులు మారాక ఆ అవసరం ఇంకా పెరిగింది.

1935 సెప్టెంబరు 15న ఈ ఊళ్లోనే, పార్టీ మహాసభల్లో, యూదుల పౌరసత్వ హక్కులు తీసేసే చట్టాలు ప్రకటించారు. యూదుడంటే ఎవరని తేల్చడానికి నవంబరులో నిబంధనలు తెచ్చారు. ఇక్కడ ఒక విచిత్రం చూడండి. రక్తం, జాతి, పుర్రె కొలతలు అని అంత ఊదరగొట్టినవాళ్లు చివరికి చూసింది తాతలు, నాయనమ్మ, అమ్మమ్మల మతం. నలుగురిలో ముగ్గురు యూదు మతస్థులైతే యూదుడే. అందుకోసం చర్చిల్లో బాప్తిస్మం రిజిస్టర్లు వెతికి సర్టిఫికెట్లు రాసిచ్చారు. తాము యూదులం కాదని రుజువు చేసుకోవడానికి లక్షలమంది మామూలు జర్మన్లు ఆ కాగితాల కోసం తిరిగారు. తన కాగితం తను తెచ్చుకున్న ప్రతివాడూ తెలిసో తెలియకో ఆ లెక్కని ఒప్పుకున్నట్టే.

ఇంతా చేస్తే ఆ దేశంలో 1933 నాటికి యూదులు సుమారు 5 లక్షల 25 వేలమంది, జనాభాలో ఒక శాతం కన్నా తక్కువ. అందులో మూడోవంతు బెర్లిన్‌లోనే ఉండేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో దాదాపు లక్షమంది జర్మన్ సైన్యంలో పనిచేశారు, 12 వేలమంది చనిపోయారు. వాళ్లనే "యుద్ధంలో వెన్నుపోటు పొడిచారు" అన్నారు. పల్లెటూళ్లలో చాలామంది జర్మన్లు ఒక్క యూదుణ్ణి కూడా దగ్గరగా చూసి ఉండరు, వాళ్లకి తెలిసిన యూదుడల్లా పత్రికలో బొమ్మే.

తెనాలి బాబాయ్:

టీచరమ్మా, నాదొక చిన్న మాట. మా చిన్నతనంలో హిట్లరంటే బ్రిటిష్‌వాళ్లని వణికించిన మొనగాడని చెప్పుకునేవాళ్లు. నేతాజీ వెళ్లి కలిశాడు కదా, మరీ అంత చెడ్డవాడయితే కలుస్తాడా అని మా నాన్నగారి వాదన. ఇప్పటికీ కఠినంగా ఉండే హెడ్మాస్టరుకి హిట్లర్ అని పేరు పెట్టడం మనకి మామూలే. మీ క్లాసులో కూడా ఆ అభిమానం ఉన్న పిల్లలు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు, చూసుకోండి.

ఇంకోటి. యూదులంటే మనవాళ్లకి బైబిల్లో మనుషులే. మా తెనాలికి దగ్గర్లోనే, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. ప్రార్థనా మందిరం కట్టుకున్నారు, శనివారం సబ్బాతు పాటిస్తారు. ఇంట్లో మాట్లాడేది మన గుంటూరు తెలుగే. ఈ సంగతి పిల్లలకి చెబితే కొంచెం దగ్గరగా అనిపిస్తుందేమో.

పెగ్నిట్స్ ఒడ్డు:

బాబాయ్ గారూ, కొత్తరెడ్డిపాలెం సంగతి మంచి మాట గుర్తుచేశారు. నేతాజీ హిట్లర్‌ని కలిసింది 1942 మే నెలలో. సాయం అడగడానికి వెళ్లారు, స్వాతంత్ర్యం గురించి గట్టి హామీ ఏదీ రాలేదు. హిట్లర్ తన సొంత పుస్తకంలోనే, భారతదేశం ఇంకెవరి చేతిలోనో ఉండేకన్నా ఇంగ్లీషువాళ్ల కింద ఉండటమే తనకిష్టమని రాసుకున్నాడు. మొనగాడనుకునే పిల్లలకి ఈ ఒక్కటి చెబితే చాలు.

పైన సగంలో ఆపాను, మిగతాది రాస్తాను. ఈ ద్వేషం నాజీలు కొత్తగా వండింది కాదు. న్యూరెంబర్గ్ నడిబొడ్డున హాప్ట్‌మార్క్ట్ అని సంత మైదానం ఉంది, క్రిస్మస్ బజారు అక్కడే జరుగుతుంది. మన తెలుగువాళ్లు వేడి వైను గ్లాసులు పట్టుకుని సెల్ఫీలు దిగేది అక్కడే. 1349 వరకు అది యూదుల పేట. ఆ డిసెంబరులో కనీసం 562 మందిని చంపి, ఇళ్లు కూలగొట్టి మైదానం చేశారు. వాళ్ల ప్రార్థనా మందిరం ఉన్న చోట చర్చి కట్టారు, ఇప్పటికీ ఉంది. మిగిలినవాళ్లని 1499 నాటికి ఊళ్లోంచే వెళ్లగొట్టారు. మళ్లీ ఒక యూదుడికి ఇక్కడ నివాస హక్కు దొరికింది 1850లో. ష్ట్రైషర్ వాళ్లు 1934లో ఒక ప్రత్యేక సంచిక వేసి, యూదులు క్రైస్తవ పిల్లల్ని బలిచ్చి రక్తం తీస్తారని మధ్యయుగాల నాటి పుకారుని మళ్లీ అచ్చేశారు. అవ్వల నోట విన్న కథని ప్రభుత్వం అండ ఉన్న పత్రికలో చూసేసరికి జనానికి అది కొత్తగా నమ్మాల్సిన విషయంలా అనిపించలేదు.

ప్రచారం అంతా అరుపులే అనుకోకూడదు. 1940లో గోబెల్స్ శాఖ చేతుల్లోంచి యూదుల మీద వచ్చిన సినిమాల్లో రెండింటి సంగతి చూడండి. ఒకటి డాక్యుమెంటరీ, యూదుల్ని ఎలుకలతో పోల్చి చూపించింది. జనం పెద్దగా చూడలేదు. రెండోది మంచి నటులతో, రాజభవనాలతో, ప్రేమకథతో తీసిన చారిత్రక చిత్రం. దాన్ని సుమారు 2 కోట్లమంది చూశారు. నాజీ పోలీసు అధిపతి హిమ్లర్ తన ఎస్‌ఎస్ దళం వాళ్లకీ, పోలీసులకీ తప్పనిసరిగా చూపించమని ఉత్తర్వులిచ్చాడు. గోబెల్స్‌కి బాక్సాఫీసు నాడి బాగా తెలుసు.

రేడియో కూడా అంతే. 1933లో 76 మార్కులకే (మార్కంటే అప్పటి జర్మన్ డబ్బు) 'ప్రజల రేడియో' అని మార్కెట్లోకి తెచ్చారు, 1938లో 35 మార్కులకి ఇంకా చిన్నది. పాటలు, నాటకాలే ఎక్కువ, మధ్యమధ్య ఉపన్యాసాలు. యుద్ధం మొదలైన రోజున, 1939 సెప్టెంబరు 1న, విదేశీ స్టేషన్లు వినడం నేరం చేశారు. ఈ దేశంలో నాజీల బాధితులు నివసించిన ఇళ్ల ముందు కాలిబాటలో పది సెంటీమీటర్ల ఇత్తడి రాళ్లు పొదుగుతారు, మీద పేరు, పుట్టిన ఏడు, ఏమైపోయారో ఉంటుంది. అందులో లక్షో రాయిని 2023లో మా ఊళ్లోనే వేశారు. అది యోహాన్ వైల్డ్ అనే ఫైర్‌మన్‌ది. విదేశీ రేడియో విని మాట్లాడినందుకు 1941లో మరణశిక్ష వేశారు. కాబట్టి జనం విన్నారు, నమ్మారు అని చెప్పేటప్పుడు, ఇంకో గొంతు వింటే ప్రాణం పోయే పరిస్థితి అని కూడా చెప్పండి.

ఇక చంపడం దగ్గరికి వద్దాం. 1938 నవంబరు 9 రాత్రి ప్రార్థనా మందిరాలు తగలబెట్టి, కొట్లు పగలగొట్టి, 30 వేలమంది యూదు మగవాళ్లని నిర్బంధ క్యాంపులకి పట్టుకుపోయారు. ఆ రాత్రి గాజు పెంకులు, మంటలు చూసి చాలామంది జర్మన్లకి చిరాకేసింది. దయతో అని కాదు, వీధిలో ఆ రభస, ఆస్తి నష్టం నచ్చలేదు. ప్రభుత్వానికి దాంతో ఒక పాఠం తెలిసొచ్చింది. ఆ తర్వాత జరిగినదంతా కాగితాల మీద, క్రమపద్ధతిలో, మర్యాదగా జరిగింది.

1941 నవంబరు 29న మా ఊరినుంచి మొదటి రైలు కదిలింది. మా ఊరి చుట్టూ ఉన్న ఫ్రాంకోనియా ప్రాంతం యూదులు వెయ్యిమందికి పైగా ఎక్కారు. చేరింది లాత్వియాలో రీగా దగ్గరి క్యాంపుకి. బతికి తిరిగొచ్చినవాళ్లు బహు కొద్దిమంది. ఇలాంటి రైళ్లెక్కేముందు ప్రతి కుటుంబం ఆస్తుల ఫారం నింపాలి. బెర్లిన్‌లో అయితే అది 16 పేజీలు. కుర్చీలెన్ని, దుప్పట్లెన్ని, చెంచాలెన్ని, అన్నీ. రైలు కదలడానికి నాలుగు రోజుల ముందు, నవంబరు 25న, ఒక నిబంధన వచ్చింది: విదేశంలో నివాసం ఏర్పరచుకున్న యూదుడి పౌరసత్వం పోతుంది, ఆస్తి ప్రభుత్వానిది అవుతుంది. బలవంతంగా పంపడాన్ని కూడా 'విదేశంలో నివాసం' కిందే కట్టారు. ఆ కుర్చీలు, దుప్పట్లు వేలంలోకి వెళ్లాయి. హాంబర్గ్ లాంటి ఊళ్లలో ఏళ్ల తరబడి ఆ వేలాలు బహిరంగంగానే జరిగాయి.

రైల్వేవాళ్లు టికెట్ డబ్బులు కూడా వసూలు చేశారు. కిలోమీటరుకి 4 ఫెనిగ్‌లు (మార్కులో నూరో వంతు ఫెనిగ్), మూడో తరగతి చార్జీ. పదేళ్లలోపు పిల్లలకి సగం, నాలుగేళ్లలోపు వాళ్లకి ఉచితం. 400 మంది దాటితే గ్రూపు రాయితీ. వాళ్లందరికీ ఒకవైపు టికెట్టే, కాపలావాళ్లకి మాత్రం రానూపోనూ. ఈ బిల్లు వేసిన గుమాస్తా యూదుల్ని ద్వేషించాడో లేదో మనకి తెలీదు, ద్వేషించకపోయినా బిల్లు తయారైపోయేది.

సోవియట్ యూనియన్ వైపు సంగతి వేరు. అక్కడ కాగితాలతో పనిలేదు, తుపాకులే. ఉక్రెయిన్‌లో కీవ్ ఊరిబయట బాబి యార్ లోయలో 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో 33,771 మందిని కాల్చి చంపామని వాళ్లే రిపోర్టు రాసుకున్నారు. కాల్చినవాళ్లకి ముందే అందరు యూదులూ శత్రు గూఢచారులు, బోల్షెవిక్కులు (రష్యా కమ్యూనిస్టులు) అని నూరిపోసి ఉన్నారు. తుపాకీ పట్టినవాడికి ఆ మాట ధైర్యాన్నివ్వడానికి కాదు, రాత్రి అన్నం సహించడానికి పనికొచ్చింది.

బెజవాడ ప్లీడరు:

పై సోదరుడు చాలా వివరంగా రాశారు. నేను కోర్టు సంగతి ఒక్కటే చేరుస్తాను. ష్ట్రైషర్‌ని 1940లోనే పార్టీ పదవి నుంచి పక్కనపెట్టారు, ఆస్తుల అవినీతిలో దొరికిపోయాడు. సైన్యంలో ఏ పదవీ లేదు, ఎవర్నీ చంపమని ఆర్డరు వెయ్యలేదు. అయినా న్యూరెంబర్గ్ కోర్టు 1946లో మరణశిక్ష వేసింది, అక్టోబరు 16న ఉరితీశారు. యుద్ధకాలంలో చంపుతున్నారని తెలిసీ యూదుల్ని నిర్మూలించాలని రాస్తూనే ఉన్నాడని తీర్పు. తెలుసని ఎలా రుజువు చేశారంటే, ఈయన స్విట్జర్లాండ్‌లో వచ్చే ఒక యూదు వారపత్రిక తెప్పించుకుని చదివేవాడు. హత్యల వార్తలు అందులో వచ్చాయి. శత్రువు పత్రికకి చందాదారుడు కావడమే ఆయన మెడకి చుట్టుకుంది.

అదే విచారణలో హాన్స్ ఫ్రిచె అనే రేడియో వ్యాఖ్యాత నిర్దోషిగా బయటపడ్డాడు. చంపమని రెచ్చగొట్టే ఉద్దేశం రుజువు కాలేదన్నారు. ఎక్కడ గీత గీయాలో అప్పటికే కోర్టుకి చిక్కుముడి. 1948 జాతినిర్మూలన ఒప్పందంలో నేరుగా, బహిరంగంగా రెచ్చగొట్టడాన్ని విడిగా నేరం చేశారు. 2003లో, ఆఫ్రికాలోని రువాండాలో జరిగిన జాతినిర్మూలన మీద పెట్టిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ రేడియో, పత్రిక నడిపిన ముగ్గురిని దోషులుగా తేల్చినప్పుడు ష్ట్రైషర్ కేసునే ప్రస్తావించింది. అక్కడ 1994లో రేడియో, చంపడానికి గురిపెట్టిన టుట్సీ జాతివాళ్లని బొద్దింకలని పిలిచింది, దాక్కున్నవాళ్ల ఆచూకీ కూడా చెప్పింది. టీచర్ గారూ, మీ పిల్లాడికి రేడియో మీదే ఆసక్తి ఉంటే రువాండా పాఠం ఇంకా సూటిగా తగులుతుంది.

పనిలో పని, "అబద్ధం వందసార్లు చెబితే నిజమవుతుంది" అన్నది గోబెల్స్ మాటే అని మనవాళ్లు తెగ వాడతారు. ఆయన అన్నట్టు ఆధారమేదీ దొరకలేదు. బోర్డు మీద రాయకండి.

ఒంగోలు సోషల్ టీచర్:

అందరికీ చాలా చాలా థాంక్సండి. రైలు చార్జీల సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. రేపటి పీరియడ్‌లో బస్టాపు పెట్టె, స్టాఫ్‌రూం ఉదాహరణ చెబుతాను. ఒక్క సందేహం. ఆ పత్రిక కార్టూన్లు నెట్‌లో దొరుకుతున్నాయి. ప్రింటు తీసి చూపించమంటారా?

పెగ్నిట్స్ ఒడ్డు:

నన్నడిగితే వద్దండి. ఇక్కడ మ్యూజియంలో చూపిస్తారు గానీ పక్కన గైడు ఉంటాడు, అరగంట మాట్లాడతాడు. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో వంకర ముక్కు బొమ్మ చూపిస్తే పిల్లలకి ఆ బొమ్మే గుర్తుండిపోతుంది. బ్రేక్‌లో దాన్నే ఎవడో గీస్తాడు, నవ్వుకుంటారు. ష్ట్రైషర్‌కి కావలసింది కూడా అదే.

దానికన్నా ఒక లెక్క ఇవ్వండి. నాజీల కాలం లెక్కల పుస్తకంలోది. ఒక మానసిక రోగికి రోజుకి సుమారు 4 మార్కులు ఖర్చవుతుంది, వికలాంగుడికి ఐదున్నర, నేరస్థుడికి మూడున్నర అని చెప్పి, దాని మీద ప్రశ్నలు వేస్తుంది. మీరు మొదట ఏమీ చెప్పకుండా ఏడాదికి ఎంతవుతుందో చేయమనండి. చకచకా చేసేస్తారు, లెక్క తేలికే. అందరూ చేతులెత్తాక, ఈ లెక్క ఎవరు ఇచ్చారో, ఎందుకిచ్చారో చెప్పండి. ఆ పుస్తకం వచ్చింది 1935లో. 1940, 41లో ఆ రోగుల్లో సుమారు 70 వేలమందిని గ్యాసుతో చంపారు. 1941 ఆగస్టులో ఒక బిషప్ చర్చిలో నిలబడి బహిరంగంగా తప్పుపట్టాక, పైకి ఆపేసినట్టు చేసి లోలోపల వేరే పద్ధతుల్లో కొనసాగించారు. ఆ గ్యాసు గదులు నడిపిన సిబ్బందిలో చాలామందిని తర్వాత పోలండ్‌లో యూదుల్ని చంపడానికి పెట్టిన ట్రెబ్లింకా, సోబిబోర్, బెల్జెక్ క్యాంపులకి పంపారు. యూదుల కోసం అలా లేచి నిలబడ్డ బిషప్ జర్మనీలో లేడు.

ఆ వెనక బెంచీ పిల్లాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయించండి. ఆపైన ఏమన్నాడో ఇక్కడ రాయడం మర్చిపోకండి.